ముత్తు నిలిచిందా

లాస్‌పేట, పుదుచ్చేరి
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మీనాకు,

భువనేశ్ ప్రేమతో రాసేది. ఇక్కడ మా అమ్మ, మన పిల్ల ప్రీతిక, నేను క్షేమం. నువ్వు క్షేమమని నీ ఉత్తరంలో మూడుచోట్ల రాశావు కాబట్టి నమ్మక తప్పదు.

యానాం ఆస్పత్రికి బదిలీ అయి వెళ్ళిన పద్నాలుగు నెలల్లో తెలుగు రాయడం నేర్చేసుకున్నావు. నాకు పలక మీద అక్షరాలు దిద్దించిన సుబ్బరాయలు తాత ఉండి ఉంటే నిన్ను చూపించి నన్ను తిట్టేవాడు. ఒక్క తప్పు మాత్రం చెప్పాలి. 'నా వాడు చాలా శుభ్రంగా ఉంటుంది, రోజూ రెండుసార్లు కడిగిస్తాను' అని రాశావు. ఆ వాడు ఎవడా అని నేను చాలాసేపు కంగారుపడ్డాను. అది వార్డు అని అర్థమయ్యేసరికి టీ చల్లారిపోయింది. ఇకమీదట ఆ రకారాన్ని మింగేయకు తల్లీ, నేను గుండె దిటవున్న మనిషిని కాదు.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరాలేమిటని అమ్మ నవ్వుతోంది. ఉన్నవి రెండు గదులు. ఫోనులో ఏం మాట్లాడినా నలుగురి చెవుల్లో పడుతుంది. అమ్మకూ ప్రీతికకూ తమిళమే తప్ప తెలుగు చదవడం రాదు. ఈ కాగితం బల్ల మీద పడేసి బయటికి పోయినా మన మాట మన మధ్యే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. అమ్మ కాలివాపు తగ్గింది, ఉప్పు మాత్రం తగ్గించలేదు. మీ అమ్మ ఏంబలం నుంచి పంపిన ఉలవలు అందాయి. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకో ఏడాది సంగతి. అక్కడే ఉంటానని రాసిస్తే వార్డు ఇన్‌ఛార్జి చేస్తామంటున్నారనీ, ఇరవయ్యో తారీఖులోగా సంతకం పెట్టాలనీ రాశావు. ఫోనులో అడిగితే పెట్టెయ్ అన్నాను. దాని గురించి మళ్ళీ రాయాలి. ముందు కారు సంగతి చెప్పనివ్వు.

మన కారు ఫొటో చూసి సంబరపడ్డావు. బానెట్ మీద నీళ్ళు గుండ్రంగా నిలిచాయి, మూడేళ్ళయినా రంగు మీద నువ్వు పూసిన కోటింగు గట్టిగానే ఉంది అని మెచ్చుకున్నావు. ఆ మెప్పు చదివి సిగ్గుపడ్డాను మీనా.

తప్పు నాదే. షాపులో కోటింగు వేసిన కారు అప్పజెప్పేటప్పుడు ఒక చెంబు నీళ్ళు బానెట్ మీద చల్లి, గుండ్రంగా లేచిన చుక్కల్ని చూపించి 'ముత్తు చూడండి సార్' అనడం నాకు అలవాటు. ముత్యానికి తమిళంలో ఉన్న ఆ మాట మన ఇంట్లోకీ వచ్చేసింది. నువ్వు ఫోను చేయగానే 'ముత్తు నిలిచిందా' అంటావు, అందరూ బాగున్నారా అన్నట్టు. నేను 'నిలిచింది' అంటాను. అంతటితో నీకు నిశ్చింత.

పోయిన వారం సుందరమూర్తి మామ కారు తెచ్చాడు. అదే, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, విల్లియనూరులోని మనవాళ్ళాయన.

"ఏంది భువనేశూ, ముత్తే రాలేదు. కోటింగు పోయినట్టుండాది. మళ్ళా ఎయ్యి" అన్నాడు.

నేను మంచి సోపుతో రెండుసార్లు కడిగి నీళ్ళు చల్లాను. ముత్తు లేచింది. పైన దుమ్ము, నూనె పొర పట్టి నీళ్ళు పరుచుకుంటున్నాయి తప్ప కోటింగు ఎక్కడికీ పోలేదు. అదే రోజు ఇంకో కారు వచ్చింది. ముత్తు మాత్రం చూడముచ్చటగా ఉంది. టార్చి వేసి చూస్తే రంగు పొర పాలిపోయి, బోరు నీళ్ళ చుక్కలు ఎండలో ఆరిన తెల్లమచ్చలు లోపలికి దిగి ఉన్నాయి. ఎవరో చుక్కలు లేవడానికి మాత్రం అయిదు నిమిషాల స్ప్రే కొట్టి పంపించారు. రెండూ మామకు చూపించాను. ముత్తు అంటే పైపైన నీళ్ళు అంటుకోవడం లేదని మాత్రమే అర్థం మామా, కిందున్న రంగు ఎలా ఉందో అది చెప్పదు, కడిగి ఆరబెట్టి వేళ్ళతో తడిమి చూడాలి అన్నాను.

మామ రెండు బానెట్లనూ వేలితో తడిమి చూశాడు. తర్వాత, "అట్లయితే ఇన్నేండ్లుగా నువ్వు నాకు చెంబుతో చూపించింది ఏందిరా?" అన్నాడు.

కోపంగా అనలేదు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

ఇక చెప్పేస్తాను. ఆ ఫొటోకు ముందురోజు మన కారు మీద నేనే స్ప్రే కొట్టాను. కోటింగు ఎప్పుడో పోయింది. ఉప్పుగాలికి టాపు మీద రంగు పెచ్చులుగా లేస్తోంది, అది ఫొటోలో పడకుండా వంగి తీశాను.

కారు పోతే పోనీ. పిల్ల విషయంలోనూ నేను చేసింది ఇదే.

ప్రీతిక రెండు నెలలుగా బళ్ళో నోరు తెరవడం లేదు. అంబుజం టీచరు నన్ను పిలిపించి చెప్పింది. "రాసేది అంతా కరెక్టుగా రాస్తుంది సార్. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది. మాట మాత్రం రాదు. ఆటల్లో కూడా తల ఊపడమే. వాళ్ళమ్మకు తెలుసా?" అని అడిగింది. తెలుసు అని అబద్ధం చెప్పి వచ్చాను.

ఇంట్లో మామూలుగానే మాట్లాడుతుంది. అందుకే అదే పోతుందిలే అనుకున్నాను. నీ వీడియో కాల్ వచ్చే ముందు దానికి తల దువ్వి, మొహం కడిగి, 'అమ్మ దూరంగా ఉంది, ఏడవకూడదు, బాగుండాను అని చెప్పు' అని నేర్పేవాణ్ణి. నువ్వు చూసిన నవ్వు అయిదు నిమిషాలది. ఫోను పెట్టేశాక అది వెళ్ళి నీ చీరల బీరువా పక్కన కూర్చుంటుంది. ఏడవదు. 'మన పిల్ల గట్టిది' అని నువ్వు అన్నప్పుడల్లా అవుననేవాణ్ణి.

ఎందుకు దాచానంటే, నువ్వు కష్టపడి సంపాదించుకున్న పేరు నా చేతకానితనం వల్ల పోకూడదని. ఇంకో మాట కూడా నిజం. ఒంటరిగా పిల్లను చూసుకోలేకపోయాడు అని నువ్వు అనుకుంటావేమోనని భయం. నువ్వు అలా అనవని తెలుసు. అయినా భయపడ్డాను.

సంతకం పెట్టమని గానీ వద్దని గానీ నేనిప్పుడు చెప్పను. పెట్టెయ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకంటే నీకు సగమే చూపించి అన్న మాట అది. అంతా తెలిశాక నువ్వు ఏది నిర్ణయించినా దానికి కట్టుబడి ఉంటాను. రేపటి నుంచి నాలుగింటికే షాపు మూసి బడి దగ్గరికి నేనే వెళతాను. టీచరుతో నిజం చెబుతాను. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళతాను. ఇవన్నీ నువ్వు వచ్చినా రాకపోయినా చేస్తాను. నువ్వు లేకుండా నాకు బాగాలేదు మీనా. ఇది కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతవరకు రాసేసరికి ప్రీతిక వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది.

"ఏంది నాయనా, అమ్మకేనా?"

"అమ్మకే. నువ్వేం రాయమంటావు? నేనేం నేర్పియ్యను, నీ ఇష్టం."

చాలాసేపు ఈ అక్షరాలకేసి చూసింది.

"రమ్మని రాయొద్దు. అమ్మకి ఆడ పనుండాది. నేను ఏడ్చినానని రాయి."

"ఎప్పుడమ్మా ఏడ్చినావు?"

"ఇంకా ఏడవలా. నువ్వు రాసినాక ఏడుస్తా."

రాశాను మీనా. రాశానని దానికి చెప్పాను. ఇక కలం పక్కన పెట్టి దాన్ని ఎత్తుకోవాలి.

ఇట్లు,
నీ ప్రీతిక నాయన,
భువనేశ్