గోడ అవతలి కొమ్మ

కాదు మావయ్యా, బేరి చెట్టులో లోపమేం లేదు. నీ ఎదురుగా నిలబడితే నాకు మాట పెగలదు, అందుకే మెసేజ్ పెడుతున్నా. ఆదివారం రంపం తెచ్చి కొట్టేస్తానన్నావంట, అమ్మ చెప్పింది. "ఎనిమిదేళ్లుగా ఒక్క కాయ లేదు, దీనికన్నా కరెంటు స్తంభం నయం" అన్నావంట.

తప్పు మన కత్తెరది. కొమ్మల మీద వేలెడంత పొట్టి రెమ్మలు వస్తాయి కదా, గరుగ్గా, వంకరగా. చెట్టు నీటుగా ఉండాలని ప్రతి చలికాలం వాటిని నున్నగా గొరిగేస్తావు. పూత వచ్చేది వాటికే మావయ్యా.

ఇంకోటి చెప్తా, తిట్టకు. గోడ అవతలికి ఒరిగిన కొమ్మ మీది రెమ్మల్ని మూడేళ్లుగా నన్ను కత్తిరించమంటున్నావు. కత్తిరించేశా అని చెప్తూ వచ్చా. అసలు ముట్టుకోలేదు. ఆ పొట్టి రెమ్మల చివర బొద్దుగా మొగ్గలుంటే చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ కొమ్మకి పదకొండు కాయలు, ఒక్కోటి కోడిగుడ్డంత. రెండుసార్లు లెక్కపెట్టా. మిగతా చెట్టంతా బోడి.

రంపం తెచ్చుకో, పర్లేదు. ముందు గోడ అవతలికి వచ్చి తలెత్తి చూడు. చూశాక, ఈ చలికాలం కత్తెర నా చేతికిస్తావా?