దుప్పి కోసం నీ చొక్కా ఇచ్చాను

పోలయ్య బావా,

బాగున్నావా అని అడగడం అలవాటు కాబట్టి అడుగుతున్నాను. నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. నేను బాగానే ఉన్నాను. ఈరోజైతే మరీ బాగున్నాను... ఎందుకో నీకు చెప్పేదాకా కుదురు లేదు.

మన చెనక్కాయ చేలకు ఒక దుప్పి అలవాటు పడింది. ఆడది. తడ వైపు నుంచి వచ్చే కంపెనీ బస్సు లైట్లలో డ్రైవరు చూశాడట. మెడకు ఇనుప తీగ ఉచ్చు, దాని కొస నేల మీద ఈడ్చుకుంటూ పోతోందట. పందుల కోసం ఎవడో పెట్టి ఉంటాడు. ఉచ్చు మాట ఎత్తితే నీకెంత కోపమో నాకు తెలుసు. "ఉచ్చు పెట్టేవోడు యేటగాడా? ఇంట్లో పడుకోని జీవాన్ని చంపేవోడు" అనేవాడివి.

తీగ రోజురోజుకూ బిగుస్తోంది. మెడ పుండైంది. ఫారెస్టు వాళ్లు నెల్లూరు నుంచి పశువుల డాక్టరును పిలిపించారు, కుర్రవాడు. మత్తు సూది తుపాకీ తెచ్చాడు. ఇరవై అంగల లోపు నిలబడితేనే సూది తగులుతుందట, అదీ వెలుతురుండగానే. చీకట్లో సూదితో పారిపోతే ఎక్కడ పడిందో దొరక్క చస్తుందని అతని భయం. ఇదేమో చీకటి పడితే గానీ చేల పక్కన తుమ్మకంపలోంచి బయటికి రాదు. మూడు రోజులు చూసి వెళ్లిపోతానన్నాడు.

ఇరవై అంగలు! నీ విల్లుకూ అంతే దూరం గదా బావా. నా నోరు ఊరుకుంటుందా? ఇది మా ఆయన పని, నాకు తెలుసు, నేను చూపిస్తానని అనేశాను. వేటాడావని నిన్ను మూడు నెలలు జైల్లో పెట్టించిన ఫారెస్టు వాళ్ల ముందే అన్నాను. ఒక వాచరు నవ్వాడు. నవ్వనీ.

కానీ నాకు తెలిసిందెంత? నువ్వు వేట కబుర్లు మొదలుపెడితే సగంలోనే నిద్రపోయేదాన్ని. ఆ పాడు విల్లు పొయ్యిలో పెడతానని ఏళ్ల తరబడి తిట్టానే గానీ, ఒక్క కథైనా చివరిదాకా విన్నానా? అప్పటికి గుర్తొచ్చింది ఒక్కటే. "రాత్రి తిరిగే జీవం పగలు ఆవిరైపోదు గదమే... పొద్దు గూకక ముందే పోయి కూచోవాల." ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్పేసరికి నేను గురకలో ఉండేదాన్ని.

నిన్న సాయంత్రం అందరినీ చేను గట్టు వెనక కూర్చోబెట్టాను. చీకటి పడి డాక్టరు తుపాకీ సర్దేశాక చేలో చప్పుడైంది. అప్పుడొచ్చింది మహాతల్లి. అంతా నా వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి నిన్ను ఎంత అడిగానో... మిగతా సగం చెప్పు బావా, ఈసారి నిద్రపోను అని. పలికితే కదా నువ్వు?

పొద్దున ముఖం కడుక్కుంటుంటే తట్టింది. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ నీ మోచేతుల్లోంచి, మోకాళ్లలోంచి తుమ్మముళ్లు పిన్నీసుతో తీసేదాన్ని. గట్టున కూర్చున్న మనిషికి మోకాళ్లలో ముళ్లెందుకు దిగుతాయి? నువ్వు మేత దగ్గర కాచేవాడివే కాదు. పాకుతూ కంపలోకి, అది పడుకునే చోటికే పోయేవాడివి. పొద్దు గూకక ముందే అది లేచి, చీకటి పడేదాకా లోపలే నిలబడి చూస్తుంది. ఆ కాసేపే నీది. అవునా?

తీగ కొస ఈడ్చిన గీతను బట్టి అది పడుకునే చోటు పోల్చుకుని, ఈ సాయంత్రం బయల్దేరాం. సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తోంది కాబట్టి, మా వాసన దానికి తగలకుండా పడమటి నుంచి పాకాం. అంతకుముందు డాక్టరుతో చిన్న గొడవ. ఒళ్లంతా సెంటు! స్నానం చేయించి, పెట్టెలో దాచిన నీ గళ్ల చొక్కా తీసి, పొయ్యి పొగ పట్టించి తొడిగించాను. "మనిషి వాసన పొగలో పోతాది" అనేవాడివి కదా. ఫారెస్టు వాళ్లు తెచ్చిన డాక్టరు ఒంటి మీద నీ చొక్కా! భుజాలు వదులు. నవ్వాపుకోలేకపోయాను.

ఇంకా వెలుగుంది. ముందు దాని చెవి కదిలింది. తర్వాత లేచింది. పదిహేను అంగల దూరం కూడా లేదు. సూది తొడలో దిగింది, కాసేపటికి కాళ్లు మడిచి కూలబడింది. తీగ కత్తిరించారు, పుండు కడిగి మందు పెట్టారు, మెలకువ వచ్చే సూది వేశారు. అది తూలుతూ లేచి, తల విదిల్చి, మా వైపైనా చూడకుండా కంపలోకి దూకింది. బతికింది బావా! నేను కేక పెట్టాను. ఈ వయసులో నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

ఇదంతా ఎవరు నేర్పారని రేంజరు సారు అడిగాడు. నీ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, అందరికీ వినపడేటట్టు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎల్లుండి నుంచి కంపలో ఉచ్చులు వెతకడానికి నన్ను రమ్మన్నారు. ఒక్కటి కూడా మిగలనివ్వను. నీకు మాటిస్తున్నాను.

ఆ సంతోషంలో ఇంటికి ఇంచుమించు పరిగెత్తాను. తలుపు తోసి "బావా, గెలిచాం!" అని గట్టిగా అరిచాను. అరిచాక గానీ గుర్తురాలేదు నువ్వు లేవని... అయినా సరే, చెప్పకుండా ఎట్లా ఉంటాను? కూర్చుని ఇది రాశాను.

ఉంటాను మరి.

నీ రమణమ్మ