అటక మీది కంప్యూటరు

ప్రియమైన నేస్తానికి,

నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఇది మా కొండల్లో కట్టుబాటు. మనం కొత్త బట్టలు మార్చుకుని నేస్తం కట్టిన రోజున మీ నాన్న ఎదురుగానే ఒప్పుకున్నావు. మరి అరకు సంతలో, నలుగురూ వింటుండగా, “ఓ గాసీ!” అని ఎందుకు అరిచావు? పుష్కరం దాటింది. పిలిచినవాడివి నువ్వు మరిచిపోయావు. నా చెవిలో ఇంకా ఉంది.

అప్పట్నుంచీ నువ్వు ఏ పని చేసినా రెండుసార్లు చూస్తాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి, అది సరే. ఫోనులో అన్న మాటని తర్వాత నేననలేదు అనొచ్చు. అందుకని కాగితం.

సంగతి ఏమిటంటే, మా ఊరి కంప్యూటరు చప్పుడు చేస్తోంది. వానలకి ముందు శుభ్రం చేస్తానని నీ రిపేరు షాపులో ఉంచుకున్నావు. అంతకుముందు నోరు లేనట్టు ఉండేది. ఇప్పుడు వెయ్యగానే గర్రుమంటుంది, గలగలమంటుంది, లోపల ఎవరో మేకు దిగగొడుతున్నట్టు టక్ టక్ అంటుంది. మంచి సామాను తీసుకుని పాతది పెట్టావా?

అందులో ఏముందో నీకు తెలుసు. మా ముసలివాళ్ళు ఊరి హద్దులు చెప్పిన వీడియోలు. ఏ గెడ్డ ఒడ్డు నుంచి ఏ రాయి దాకా మాదో అవే చెప్పాలి. చెప్పినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. ఈ నెల ఇరవై నాలుగున పాడేరులో పట్టాల విచారణ ఉంది. కాపీ తీసుకోమని అందరూ అన్నారు. ఎవరి చేతికి పోతుందోనని నేనే తీయనివ్వలేదు. ఇప్పుడేమో మీ అల్లుడు దుర్గాప్రసాద్ మా కొండ కింద టేపు పట్టుకు తిరుగుతున్నాడు. బయటివాళ్ళు ఇక్కడ భూమి కొనకూడదు కాబట్టి, మావాళ్ళలో ఎవరి పేరో పెట్టి కాటేజీలు కడతాడట. పెట్టె చెడడం, టేపు తిరగడం, రెండూ ఒకేసారి ఎందుకొచ్చాయి? జవాబు రాయి.

నీ నేస్తం,
రాతిగెడ్డ నుంచి

*

ప్రియమైన నేస్తం,

జీపు డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చాడు. మా ఆవిడ చదివి, “ఏటండీ, ఇది నేస్తం ఉత్తరమా, పోలీసు కేసా?” అంది. నేను నవ్వలేకపోయాను.

సంతలో నీ వెనక లారీ వస్తోంది. నేస్తం అని అరిస్తే పదిమంది తిరిగేవారు, నువ్వు తప్ప. పేరు పెట్టి పిలిచాను కాబట్టే పక్కకి జరిగావు. ఇది నీకు చాలాసార్లు చెప్పాను.

అల్లుడి వ్యాపారం అల్లుడిది. నాకు చెప్పి చేయడు.

ఇక చప్పుడు. ఆ పెట్టెలో తిరిగేవి రెండే రకాలు. గాలి తోలే ఫ్యాన్లు, వీడియోలు దాచుకున్న డిస్కు. అరుస్తున్నది ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. సన్న వెదురు గొట్టం తీసుకుని ఒక కొన చెవికి, రెండో కొన పెట్టెకి ఆనించు. వెనక పైన విను, మధ్యలో విను, ముందువైపు కింద విను. ఏ చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో రాయి. ఎక్కువసేపు వేసి ఉంచకు. ఇంకొకటి, పని లేనప్పుడు దాన్ని ఎక్కడ పెడుతున్నావు?

ఇట్లు నీ నేస్తం,
సూర్యనారాయణ, అరకు

*

ప్రియమైన నేస్తానికి,

లారీ కింద పడితే పడేవాణ్ణి. కట్టుబాటు ఉండేది.

గొట్టం పెట్టి విన్నాను. మా కోడలు కృపావతి చూసి, “ఏటి మావా, కంప్యూటరుకి నాడి సూత్తన్నావా?” అంది. “నోరు ముయ్యి. బేగి స్విచ్చి నొక్కు” అన్నాను. వెనక పైన తేనెపట్టు కదిపినట్టు గర్రుమంటోంది. మధ్యలో గలగల. పెట్టె వంచితే ఇంకా ఎక్కువ. టక్ టక్ మాత్రం ముందువైపు కింద. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలు. అది మొదలైతే తెర మీద బొమ్మ కదలదు.

ఎక్కడ పెడుతున్నావని అడిగావు. ఈ వానలు పట్టినప్పట్నుంచీ పొయ్యి మీది అటక మీద. ఇంకెక్కడ పెడతారు? వానాకాలం మా ఇంట్లో గోడలు చెమరుస్తాయి. చోళ్ళు, వలిసెలు, మొక్కజొన్న కంకులు, డప్పు, విలువైనదేదైనా మాకు పొగలోనే ఉంటుంది. పురుగు పట్టదు, బూజు పట్టదు. మా తాతల నాటి విత్తనం అలాగే నిలిచింది. కంప్యూటరు అంతకంటే గొప్పదా? పనుంటే కృపావతి దించుతుంది. అయ్యాక నేనే ఎక్కిస్తాను, ఇంకొకరి చేతికి ఇవ్వను. అంత భద్రంగా చూసుకున్నాను. కాబట్టి పాడైంది నీ దగ్గరే.

పెట్టె పంపను. నువ్వే రా. రాకపోతే ఎందుకు రావో రాయి.

నీ నేస్తం,
రాతిగెడ్డ నుంచి

*

ప్రియమైన నేస్తం,

పొయ్యి మీదా! చదివి నెత్తి పట్టుకున్నాను.

విత్తనానికి పొగ మంచిదే. ఫ్యానుకి కాదు. మసి పట్టిన ఫ్యాను గాలి లాగదు, లోపల వేడి పెరుగుతుంది, డిస్కు చెడుతుంది. ఆ టక్ టక్ డిస్కుదే. ఇక దాన్ని వెయ్యకు. చూద్దామని ఒక్కసారి కూడా వెయ్యకు. వేసినప్పుడల్లా లోపల కొంత పోతుంది.

నడుము పట్టేసి నేను మీ కొండ ఎక్కలేను. బుధవారం జీపులో ఒళ్ళో పెట్టుకుని తీసుకురా. నువ్వు చూడకుండా ఒక్క స్క్రూ తీయను. నీ అనుమానం నీ దగ్గరే ఉంచుకో, కానీ రా.

ఇట్లు నీ నేస్తం,
సూర్యనారాయణ, అరకు

*

ప్రియమైన నేస్తానికి,

ఇల్లు చేరాను. పెట్టెని గదిలో బల్ల మీద పెట్టించాను. “సప్పుడే లేదు మావా” అని కృపావతి సంబరపడింది. నాకు అదీ నచ్చలేదు. చప్పుడు లేకపోతే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

నా కళ్ళతో చూసింది చూసినట్టే రాస్తాను. మూత తీస్తే ఫ్యాను రెక్కలకి మసి జిగురులా అంటుకుని ఉంది. అడుగున వలిసె గింజలు. అవి నా మూటలోవే. నువ్వు బ్రష్షుతో దులుపుతూ, “లోపల ఇత్తనాల బేంకు ఎట్టావేటి నేస్తం?” అన్నావు. నేను నవ్వలేదు. నువ్వు సామాను మార్చలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క మాటే.

డిస్కు బయటికి తీసి నీ కంప్యూటరుకి తగిలించావు. సోములమ్మ మాటలు వచ్చాయి, నావి వచ్చాయి, మిగిలినవాళ్ళవి వచ్చాయి. అన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించావు. చివరికి అప్పన్న వీడియో మిగిలింది. జోడురాళ్ళ వైపు వాలు ఎవరిదో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. మీ అల్లుడు టేపు పట్టింది కూడా అక్కడే.

తెర మీద అప్పన్న తుండుగుడ్డ సర్దుకున్నాడు. “రాసుకోండి. ఎర్రగెడ్డ దాటినాక...” అన్నాడు. సరిగ్గా అప్పుడే మీ అల్లుడు షాపులోకి వచ్చాడు. “ఏటి మావయ్యా, పాత సినిమా సూత్తన్నారా?” అన్నాడు. టక్ టక్ టక్. అప్పన్న నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. మళ్ళీ మళ్ళీ చూశావు. రాలేదు. విశాఖలో పెద్ద షాపుకి పంపితే వస్తుందేమో, నెల పడుతుందన్నావు. విచారణ నెల ఆగదు.

నేను నీ చేతులే చూస్తూ కూర్చున్నాను. అవి ఏ మోసమూ చేయలేదు. తర్వాత నీ ముఖం చూశాను. నువ్వు అల్లుణ్ణి చూస్తున్నావు.

ఇక విను. మా ఊళ్ళో ఎవరికీ కెమెరా లేదని వీడియో తీయడానికి నిన్ను పిలిచింది నేనే. అప్పన్న చెప్తున్నప్పుడు నేను అక్కడ లేను. నడవలేని సోములమ్మని మంచం మీద మోసుకు రావడానికి ఊరంతా గెడ్డ అవతలికి పోయాం. కెమెరా వెనక నువ్వొక్కడివే ఉన్నావు. అధికారి ముందే తెరుద్దామని ఆ వీడియో తర్వాత నేనూ చూడలేదు, ఎవరినీ చూడనివ్వలేదు. అప్పన్న మాట చివరిదాకా విన్నవాడివి నువ్వే. జోడురాళ్ళు మావో కావో నీకు తెలుసు. మీ అల్లుడి ఎదురుగా అడిగితే, “పాత మాట నేస్తం, గుర్తు చేసుకోవాల” అన్నావు. ఎప్పుడో నేను తెచ్చిన రేడియోలో ఏ తీగ తెగిందో ఈనాటికీ చెప్తావు. అప్పన్న చెప్పింది గుర్తు లేదా?

పెట్టె బాగు చేసినందుకు దండం. పెట్టె కోసం కాదు నేను కొండ దిగింది.

ఇరవై నాలుగున పాడేరు వస్తావా? అధికారి ఎదుట, మీ అల్లుడు వింటుండగా, అప్పన్న ఏం చెప్పాడో చెప్తావా? అది మాది కాదని ఆయన అని ఉంటే అదే చెప్పు, తల వంచుకుని పోతాను. కానీ ఆయన అన్నదే చెప్పాలి.

శుక్రవారం సంత ముగిసి జీపు కదిలేలోగా డ్రైవరు చేతికి కాగితం ఇయ్యి. వస్తాను అని రాయి, లేదా రాను అని రాయి. చూద్దాం అని మాత్రం రాయకు. శుక్రవారం సాయంత్రం జీపు ఆగే చోట నిలబడి ఉంటాను.

నీ నేస్తం,
రాతిగెడ్డ నుంచి