అమ్మ చేతిలో ఎండు మట్ట

అన్నా,

మిషను దొరసానమ్మ బడిలో మనిద్దరమూ నేర్చుకున్న అక్షరాలతోనే రాస్తున్నాను. నువ్వు చదవవని తెలుసు. కానీ ఈరోజు మట్టల ఆదివారం. ఈ కబురు నీకు కాక ఇంకెవరికి చెప్పను?

వంకలో మన ఈతచెట్టు ఉంది కదా. ఏటా చర్చికి పచ్చిమట్టలు కోసేముందు ఎండినవన్నీ నువ్వే కొట్టేసేవాడివి. నువ్వు జ్వరంతో పోయాక దాన్నెవరూ ఎక్కలేదు. ఎండిన మట్టలు రాలకుండా మాను చుట్టూ అలాగే వేలాడుతూ ఉండిపోయాయి. ఎవరైనా కత్తి పట్టుకొస్తే అమ్మ, "నా కొడుకు చెట్టప్పా అది, ఉండనీ" అని పంపేసేది.

ఈ ఏడు వానల్లేక వంకలో మిగతా చెట్లన్నీ మాడిపోయాయి. పచ్చిమట్టలు మన చెట్టుకే మిగిలాయి. నిన్న చిన్నాయన వచ్చాడు.

"ఎండువి కొట్టందే ఎక్కేకి కాదు వదినా. ఏం చేద్దాం?"

అమ్మ లోపలికెళ్లి నీ కత్తి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"కొట్టుకోప్పా. దేవునికే గదా."

ఈ పొద్దున అందరమూ పచ్చిమట్టలు పట్టుకొని పాడుతూ చర్చికి నడిచాం. అమ్మ ఒక్కతే ఎండుమట్ట తెచ్చింది. అది అడుగడుక్కీ గలగలమంది. నా పచ్చిమట్ట ఇవ్వబోతే తీసుకోలేదు.

"వాడుండంగా పచ్చగుండిన మట్ట ఇది" అంది.

పాదిరయ్య చూసి, పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు.

పాట అయిపోయింది. ప్రార్థనకు అందరూ తలలు వంచి కదలకుండా నిలబడ్డారు. అమ్మ మట్ట మాత్రం గలగలమంటూనే ఉంది.

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అన్నా. అయినా ఆగలేదు.