పల్లకిలో మొదటి మాట

పటమట,
17 నవంబరు 1974.

ప్రియమైన ఎల్లారావుకి,

నీ కార్డు శుక్రవారం అందింది. "పల్లకిలోంచి నా పేరు తీసెయ్యి. ఇక నా వల్ల కాదు" అని రెండే ముక్కలు రాశావు. ఎందుకో రాయలేదు. కార్డు చేత్తో పట్టుకుని వరండాలో చాలాసేపు కూచుండిపోయాను. సంపూర్ణ వచ్చి, "ఏవండీ, ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదన్నాను. కారణం నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. ఆ కారణం నేనే.

తప్పు చేసినవాడు మొదటినుంచీ చెప్పుకోవాలి కాబట్టి నీకు తెలిసిన సంగతులే మళ్లీ రాస్తున్నాను. మూడేళ్ల కిందట ఏడుగురం ఫొటోల పిచ్చివాళ్లం కలిసి ఈ పార్సిల్ మొదలుపెట్టాం. తలా ఒక ఫొటో, దాని వెనక ఒక తెల్లకాగితం. పార్సిల్ ఒకరి నుంచి ఒకరికి పోస్టులో వెళ్తుంది. అందినవాడు మిగతావాళ్ల ఫొటోల మీద తన అభిప్రాయం ఆ కాగితాల మీద రాసి, తన పాత ఫొటో తీసుకుని కొత్తది పెట్టి, మూడు రోజుల్లో పక్కవాడికి పంపెయ్యాలి. అందరం తలో భుజం పడతాం కదా అని దానికి పల్లకి అని పేరు పెట్టింది నువ్వు. స్నేహంగా రాయాలి, ముందు మంచి చెప్పి తర్వాత లోపం చెప్పాలి అని నియమం పెట్టింది నేను. మీ కైకలూరు నుంచి పల్లకి నేరుగా నా దగ్గరికే వస్తుంది. అంటే నీ ఫొటో మీద మొదటి మాట ఎప్పుడూ నాదే.

ఆ మొదటి మాటకి ఎంత బలముందో నాకు తెలుసు. నేను "ఆకాశం బాగుంది" అని రాస్తే, నా తర్వాత ఇబ్రహీంపట్నం అల్లాబక్ష్ గారు "అవును, మబ్బులు ముచ్చటగా ఉన్నాయి" అంటారు. మిగతావాళ్లు నలుగురితో నారాయణ. ఎన్నిసార్లు చూసి నవ్వుకున్నానో.

ఇన్నాళ్లూ నీ ఫొటోలంటే నాకు ముచ్చటే. కోపం తెచ్చుకోకు, అవి బాగుండేవి కాదు. కొంగలు, పడవలు, జెండావందనం రోజు బడిపిల్లల వరస. డబ్బా కెమెరాకి అంతకన్నా ఏం వస్తుందిలే అని ధారాళంగా మెచ్చుకునేవాణ్ణి. మనకన్నా వెనకబడ్డవాణ్ణి మెచ్చుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో! ఆ సుఖాన్నే నేను స్నేహం అనుకున్నాను.

జూలైలో పల్లకి విప్పాను. మీ అమ్మ రత్తమ్మగారి ఫొటో. గుమ్మం పక్కన కూచుని వల బాగుచేస్తున్నారు. దారం పళ్ల మధ్య పట్టుకున్నారు. కొంగు జారిపోయింది. ముఖంలో ఒక సగానికి గుమ్మంలోంచి వెలుతురు, రెండో సగం నల్లటి చీకటి. ఆ చీకట్లో ఒక్క కన్ను మాత్రం తెలుస్తోంది. ఆవిడ కెమెరాని చూడటం లేదు. అసలు అక్కడ కెమెరా ఒకటుందని ఆవిడకి పట్టనే లేదు.

నాకు కడుపు మండింది. ఇంకో మాట వెతకను, అది అసూయే. నా దగ్గర జపాన్ కెమెరా ఉంది. ఆదివారాలు స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి, ఇంట్లోవాళ్లని నూతి దగ్గరికి తరిమి, పదకొండేళ్లుగా ఫొటోలు కడుగుతున్నాను. బ్యారేజీని నలభైసార్లు తీశాను. అలాంటిది ఒక్కటి రాలేదు. నీకెలా వచ్చింది? నీకు? గుడివాడ బళ్లో లెక్కల పరీక్షకి నా కాగితం చూసి రాసిన నీకు?

అంతలో సంపూర్ణ కాఫీ తెచ్చి నా భుజం మీంచి చూసింది.

"ఎవరండీ ఈ పెద్దావిడ? పిలిస్తే పలికేట్టున్నారు."

"ఎల్లారావు వాళ్లమ్మ."

"పాపం, చూపు ఆనడం లేదనుకుంటానండీ. ఎంత అవస్థ పడుతున్నారో చూడండి" అంది.

పన్నెండేళ్ల కాపురంలో నా ఫొటోలో మనిషిని చూసి ఎవరని తను ఒక్కసారీ అడగలేదు. "ఎండ బాగా పడిందండీ" అంటుంది, అంతే. ఆ పూట కాఫీ చల్లారిపోయింది.

మూడు రోజుల నియమం పెట్టినవాణ్ణి, తొమ్మిది రోజులు అట్టేపెట్టుకున్నాను. గవర్నర్‌పేటలో ఆఫీసు వదలగానే సైకిలు తొక్కుకుంటూ వచ్చి దాన్ని తీసి చూసేవాణ్ణి, ఎక్కడైనా లోపం దొరుకుతుందేమోనని. దొరకలేదు. పదో రోజు పొద్దున లోపాన్ని నేనే తయారుచేశాను. నువ్వు చదివిందే. "చక్కని ప్రయత్నం. కాని ముఖం సగం చీకటిలో పోయింది. వెలుతురు లెక్క తప్పింది. ఫ్లాష్ పెట్టి, అమ్మగారిని కెమెరావైపు చూడమని మళ్లీ తీస్తే ఆల్బంలో పెట్టుకోదగ్గ ఫొటో అవుతుంది." ఎంత మర్యాదగా ఉందో చూడు. ముందు మంచి, తర్వాత లోపం. ఆ చీకటే ఆ ఫొటోకి ప్రాణమని తెలిసీ రాశాను.

తర్వాత ఐదుగురూ అదే పాట పాడారని నీ కాగితం చూసిన నీకే బాగా తెలుసు. సెప్టెంబరు పల్లకిలో నువ్వు ఫ్లాష్ పెట్టి తీసిన ఫొటో వచ్చింది. మీ అమ్మగారు తలనిండా కొంగు కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. దాన్ని చూసి నేను సంతోషించాను, ఎల్లారావూ. "ఎంతో మెరుగు" అని రాశాను. ఆ రోజు కాఫీ కూడా అడిగి రెండోసారి తాగాను.

ఇప్పుడు నువ్వు మానేస్తానంటున్నావు. నన్ను తిట్టు, చేతికందినదాంతో కొట్టు, మానెయ్యకు. ఆ మొదటి ఫొటో మన పల్లకి మోసినవాటిల్లోకెల్లా గొప్పది. జూలైలో ఆ కాగితం మీద నేను రాయవలసిన మాట ఇదీ.

నీ
రామకోటేశ్వరరావు


కైకలూరు,
25 నవంబరు.

ఒరేయ్ కోటేశ్వరరావూ,

నేను గుమ్మడికాయల ఊసే ఎత్తలేదు, నువ్వు రెండు భుజాలూ తడుముకున్నావు. నీ ఉత్తరం బళ్లో, పిల్లల్ని ఎక్కాలు రాయమని కూచోబెట్టి చదివాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. నీ మీద కోపంతో కాదు.

ఆ ఫొటో నేను తియ్యలేదు. మా కొండలమ్మ తీసింది.

నేను బడికి పోతే కెమెరా ఇంట్లోనే ఉంటుంది. రీల్లో మిగిలిన రెండు ఫొటోలు తను తీసుకుంటానంటే సరేనన్నాను. నేను కెమెరా పడితే చాలు, మా అమ్మ వల పక్కనపెట్టి జుట్టు సర్దుకుంటుంది. కోడలి దగ్గర ఆ మొహమాటం లేదు. వాళ్లిద్దరూ పొద్దస్తమానం ఒకచోట పని చేసుకునేవాళ్లు. స్టూడియోలో కడిగించి తెచ్చి, దీపం దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. నీకు కడుపు మండిందన్నావు. నీకు తొమ్మిది రోజులే. నేను ఆ మంటతో అదే ఇంట్లో కాపురం చేశాను.

ఆ నెల పల్లకిలో పెట్టడానికి నా దగ్గర కొంగల ఫొటో ఉంది. దాన్ని తీసేసి ఈమెది నా పేరుమీద పెట్టాను. "పల్లకిలో ఆడవాళ్లకి సభ్యత్వం లేదు" అని చెప్పాను. అలాంటి నియమం నువ్వెక్కడా పెట్టలేదు. నేనే అప్పటికప్పుడు పెట్టాను.

పల్లకి తిరిగొచ్చిన రోజు, అన్నం తింటూ నీ అభిప్రాయం ఆమెకి చదివి వినిపించాను. ఒకటికి రెండుసార్లు, రుచిగా.

"చూశావా? పదకొండేళ్ల నుంచి తీస్తున్నాడు, వాడికి తెలీదంటావా?"

"సగం కనపడకపోతే ఏమైందండీ? ఆ చీకట్లో ఉన్నదీ అత్తే కదా" అంది.

నేను నవ్వి, మిగతా ఐదుగురివీ చదివాను. నా పోరు పడలేక అరువు తెచ్చిన ఫ్లాష్‌తో మళ్లీ తీసింది. ఆ కాగితం మీద నీ "ఎంతో మెరుగు" వచ్చినరోజు కెమెరాని పాతచీరలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. నేను గెలిచాను. గెలిచి, నా కొంగల ఫొటోలు తీసి చూసుకుంటే ఒక్కటీ చూడబుద్ధి కాలేదు. అందుకే మానేస్తానన్నాను.

నీ ఉత్తరం ఆమె చేతికిచ్చి, నా సంగతి నోటితో చెప్పాను. ఆ పూట నాకు అన్నం మా అమ్మే వడ్డించింది. నీకు తనే రాస్తుందట. ఏం రాస్తుందో నాకు చూపించనంది.

ఎల్లారావు


కైకలూరు,
2 డిసెంబరు.

అన్నయ్యగారికి, సంపూర్ణ వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. కోపం రావలసింది, కాని ముందు సంతోషం వేసింది. అబద్ధం రాయడం దేనికి? ఫొటోల సంగతి తెలిసిన మనిషి తొమ్మిది రోజులు వెతికినా లోపం దొరకలేదంటే అది చిన్న మెప్పా? కోపం తర్వాత వచ్చింది. అది ఇంకా పోలేదు. మీ స్నేహితుడి మీద అయితే అసలు తగ్గలేదు. మీరిద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుని తేలికపడ్డారు. మధ్యలో నెల్లాళ్లు కెమెరా పెట్టెలో పెట్టుకుని కూచున్నది నేను. ఆ నెల్లాళ్లలో మా పెరట్లో ఎన్ని పొద్దులు పొడిచాయో నాకు తెలుసు.

వదినగారితో ఆవిడ మాట నిజమని చెప్పండి. అత్తకి చూపు ఆనడం లేదట. ఇంట్లో ఉండీ మేమెవ్వరం కనిపెట్టలేదు. మొన్న గుడివాడ తీసుకెళ్తే అద్దాలు రాశారు. ఆ ఫొటోలో ఉన్న మనిషికి ఏం కావాలో చూసింది ఆవిడ ఒక్కరే.

ఆ ఫొటోని ఇప్పుడు నా పేరుతో పల్లకిలో పెట్టాను. పాత కాగితం చింపేసి కొత్తది అంటించాను. ఈసారి పల్లకి మీ దగ్గరికి రాదు. నేరుగా ఇబ్రహీంపట్నం పంపించాను. అల్లాబక్ష్ గారు తనంతట తను ఏమంటారో నాకు చూడాలని ఉంది. అందరూ రాశాక మీకు వస్తుంది. ఇకనుంచి నా ఫొటో మీద మీరు ఆఖరున రాయండి.

మూడేళ్లుగా పల్లకి మా ఇంటికి వచ్చినప్పుడల్లా మీ ఫొటోలన్నీ చూశాను. అభిప్రాయం రాయడానికి మాత్రం వీలు లేకపోయింది. ఇప్పుడు నేనూ సభ్యురాలినే కనుక మీ నియమం ప్రకారమే రాస్తున్నాను. ముందు మంచి. మీ ఫొటోల్లో మనిషి తలమీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అంత శుభ్రంగా కడగడం నాకు నేర్పాలి. వదినగారు ఒప్పుకుంటే ఒక ఆదివారం వస్తాను.

ఇక లోపం. పూలమ్మే ఆవిడ, రిక్షా అతను, మిషను మీద కుడుతున్న వదినగారు, ఎవరిని చూసినా చేతిలో పని ఆపి మీవైపే చూస్తున్నారు. ఒక్కరూ తమ లోకంలో తాము లేరు. ఇన్ని ఫొటోల్లోనూ నాకు కనపడింది ఒక్క మనిషే అన్నయ్యగారూ, అది మీరు.

కొండలమ్మ