నక్కకు ఇచ్చిన ఇల్లు

తాండూరు

బిడ్డ రెబెక్కకు అమ్మ దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోన్‌లో అయితే అరిచేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

నాన్న దగ్గు గురించి అడిగావు. తగ్గలేదు. నాపరాళ్ల పాలిష్ పనిలో మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉందట. దుమ్ము లేని ఊళ్లో ఉండమని డాక్టర్ మళ్లీ చెప్పాడు. వికారాబాద్‌లో చూసిన ఇల్లు ఏమైందనీ అడిగావు. చెబుతాను.

ముందు నువ్వు బొమ్మలు గీసిన సినిమా సంగతి. వికారాబాద్‌లో డాక్టర్ దగ్గరి నుంచి నేరుగా థియేటర్‌కే వెళ్లాం. పులి, జింక, కుందేలు ఒకే వీధిలో కాపురం. ఎంత అందంగా గీశారే! నక్కకు మాత్రం ఎవరూ ఇల్లివ్వరు. చివరికి అది మంటల్లో దూకి కుందేలు పిల్లల్ని కాపాడితే, అప్పుడు ఊరంతా ఏడ్చి తాళంచెవి ఇస్తుంది. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. తల దాచుకునే చోటు దొరకాలంటే ముందు ఒళ్లు కాల్చుకోవాలా? ఇదేనా మీరు పిల్లలకు చూపించే మంచి లోకం?

మా ముందు వరుసలో ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. చూస్తే, మనం అడిగిన ఇంటి యజమానురాలు అరుణాదేవి.

నీకు చెప్పకుండా దాచింది ఇదే. ఆమె మొదట ఇల్లు ఇస్తానంది. పిల్లలెందరని అడిగితే నీ పేరు చెప్పాను. మనం చర్చికి పోయేవాళ్లమని ఆ పేరుతోనే తెలిసి ముఖం మారిపోయింది. “మా తమ్ముడొస్తుండు, ఇల్లు ఖాళీ లేదు” అంది. టులెట్ బోర్డు మాత్రం ఇప్పటికీ తీయలేదు.

తెర మీద మీ పేర్లు వస్తుంటే ఆమెను ఆపాను.

“గా పేరు సూడుండ్రి మేడం. గీ బొమ్మలేసింది నా బిడ్డనే. గా పేరు ఇన్నంకనే గదా మీరు ఇల్లు లేదన్నది?”

“అట్లేం లేదు... మా అత్తమ్మకు పట్టింపులెక్కువ” అని గొణుగుతూ వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్ చేసింది. “మీ బిడ్డ సినిమాలల్ల పని చేస్తదని నాకేం ఎరుక? వచ్చి ఉండుండ్రి.”

“నా బిడ్డ కూలికి పోయేదైతే ఇస్తుంటిరా?”

ఆమె మాట మార్చి కిరాయి సంగతి ఎత్తింది. “అయితే మాకొద్దు” అని పెట్టేశాను.

నాన్న నా మీద మండిపడ్డాడు. “నీ కోపానికి నా పాణం పోవాల్నా?” అన్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా ఆ మాట గుచ్చుకుంటోంది. అయినా ఆమెకు ఫోన్ చేయలేదు. వికారాబాద్ వీధులన్నీ మళ్లీ తిరిగాను. కిరాయి ఎంతని అడగక ముందే, గడపలో నిలబడి నీ పేరు చెప్పాను. తలుపులు మూసుకుంటూనే ఉన్నాయి.

నిన్న బుగ్గమ్మ అనే ఆమె మాత్రం నన్ను విసుగ్గా చూసింది. “పేర్లన్నీ నాకెందుకమ్మా? నల్లా ఒక్కపూటనే వస్తది. సరిపోతదా?” అంది.

సరిపోతుందన్నాను. వచ్చే వారం చేరుతున్నాం. మీ సినిమా మీద కోపం మాత్రం పోలేదు.

ఇట్లు,
నీ అమ్మ
పద్మారాణి