ఏడో తీగ

పడమటి లోకంలో ఉన్న నా భార్య తకాత్‌కు,

నువ్వు వెళ్ళి మూడు నెలలైంది. ఈ ఉత్తరం గిన్నె లోపలివైపు రాసి, అందులో నీకిష్టమైన అంజూరపు రొట్టె పెట్టి, నీ సమాధి గడప దగ్గర ఉంచుతున్నాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నీ వీణను నీతో సమాధిలో పెట్టి పంపలేదు. అమ్మాయి కోసం ఇంట్లోనే ఉంచి, గోడ మీద గీసిందే అక్కడ నీకు నిజం వీణ అవుతుందని సమాధి గోడ మీద దాని బొమ్మ వేయించాను. అందులో ఆరు తీగలే ఉన్నాయని తర్వాత చూశాను. అడిగితే చిత్రకారుడు పషెదు నవ్వాడు. "అక్కడ తీగలు ఎవరు లెక్కపెడతారు బావా, నీలాంటివాడు తప్ప?" అన్నాడు.

నిన్ను సాగనంపిన నాటి నుంచి ఇంట్లో వీణకు ఏడో తీగ నిలవడం లేదు. పదకొండుసార్లు కట్టాను, పదకొండుసార్లూ తెగింది. నిన్న తెగిన తీగ తగిలి అమ్మాయి చెంప కోసుకుపోయింది. "అమ్మ తన వీణ అడుగుతోంది నాన్నా, నేనిక ముట్టను" అని ఏడ్చింది. రేపు హాతోర్ దేవత గుడిలో అమ్మాయి వాయించకపోతే, అక్కడ వీణ వాయించే నీ స్థానం వేరొకరికి ఇచ్చేస్తారు.

ఈరోజు దగ్గరుండి బొమ్మలో ఏడో తీగ గీయించాను. రేపు అమ్మాయిని వదిలెయ్.

ఎల్లుండి వీణ ఒడిలో పెట్టుకుని నేనొక్కణ్ణే కూర్చుంటాను. నాకు వాయించడం రాదు, నీకు తెలుసు. కానీ తెగే ముందు ఆ తీగ ఒక్కసారి నువ్వు మీటినట్టే మోగుతోంది.

అప్పుడు రా.